స్కూల్ వెబ్‌సైట్ త్వరగా తెరుచుకోవాలంటే ఏం చేయాలి?

రేపు స్కూల్ ఉందో లేదో చూద్దామని ఒక తల్లి ఫోన్‌లో స్కూల్ వెబ్‌సైట్ తెరిచింది. ముందు తెల్ల తెర, కాసేపటికి లోగో వచ్చాయి. దాని కింద వార్షికోత్సవం ఫోటో చాప విప్పినట్టు పైనుంచి కొంచెం కొంచెంగా దిగుతోంది. ఈలోగా నోటీసుల లింక్ కనిపించింది. నొక్కబోయేసరికి ఇంకో ఫోటో వచ్చి ఆ లింక్‌ను కిందికి తోసేసింది, వేలు వెళ్లి గ్యాలరీ మీద పడింది. అక్కడ మరో ముప్పై ఫోటోలు లోడ్ కావడం మొదలైంది. ఆమె సైట్ మూసేసి ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఆఫీసులో ఆ ఫోన్ ఎత్తే మనిషే చాలా స్కూళ్లలో వెబ్‌సైట్ కూడా చూసుకుంటారు. సొంతంగా నడిచే ప్రైవేటు స్కూళ్లకు విడిగా ఐటీ విభాగం ఉండడం అరుదు. కంప్యూటర్ టీచరో, ఆఫీసులో కాస్త కంప్యూటర్ పట్టుబడిన ఒకరో ఆ పని నెత్తిన వేసుకుంటారు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను. స్కూల్ సైట్లు బాగుచేసే పనిలో నాకు అర్థమైంది ఒక్కటే: సైట్ బరువెక్కేది ఎక్కువగా సర్వర్ దగ్గర కాదు, ఫంక్షన్ అయిన మర్నాడు ఫోటోలు అప్‌లోడ్ చేసే టేబుల్ దగ్గర. అందుకే కింద ఫోటోల గురించే ఎక్కువ చెబుతాను.

దేనిమీదైనా చెయ్యి వేసే ముందు సైట్ మొత్తం బ్యాకప్ తీసుకోండి. ఫైళ్లు, డేటాబేస్ రెండూ. ఆ కాపీ హోస్టింగ్‌లోనే, అంటే సైట్ ఉండే సర్వర్‌లోనే ఉంటే చాలదు, మీ కంప్యూటర్‌లో కూడా ఉండాలి.

మొదటి పని: కొలవడం

ప్రిన్సిపాల్ గదిలో సైట్ ఎప్పుడూ వేగంగానే కనిపిస్తుంది. అక్కడి వైఫై బాగుంటుంది, కంప్యూటర్ కొత్తది, పైగా రోజూ చూసే సైట్ కాబట్టి ఫోటోలన్నీ బ్రౌజర్‌లో ముందే దాచి ఉంటాయి. అది కొలత కాదు. పాత ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపేసి, ముందు దాచినవేవీ వాడుకోని ఇన్‌కాగ్నిటో విండోలో సైట్ తెరవండి. వాచీ చూసుకుంటూ, నోటీసు చదవగలిగేంతవరకు ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి.

తర్వాత గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ సైట్ అడ్రస్ ఇచ్చి మొబైల్ ఫలితం చూడండి. పై భాగంలో గత 28 రోజుల్లో నిజంగా వచ్చినవాళ్ల అనుభవం ఉంటుంది. వచ్చేవాళ్లు తక్కువగా ఉన్న చిన్న స్కూళ్లకు ఆ భాగం ఖాళీగా ఉండొచ్చు, కంగారు పడక్కర్లేదు. అప్పుడు కింది పరీక్ష ఫలితంతోనే పని చేయండి. మూడుసార్లు నడిపి మధ్య విలువ తీసుకోండి, ఒక్కోసారి ఒక్కో అంకె వస్తుంది.

చూడాల్సినవి మూడు. పేజీలోని అతి పెద్ద బొమ్మ లేదా పేరా కనిపించడానికి పట్టే సమయం ఎల్‌సీపీ. అది 2.5 సెకన్ల లోపు ఉండాలి. నొక్కిన తర్వాత పేజీ స్పందించడానికి పట్టే సమయం ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిది. 2024 మార్చి నుంచి గూగుల్ పాత కొలత స్థానంలో దీన్ని తీసుకుంది. ఇది నిజమైన వాడకంలోనే తెలుస్తుంది కాబట్టి కింది పరీక్షలో కనిపించదు. లోడ్ అవుతుండగా పేజీ ఎంత గెంతుతుందో చెప్పేది సీఎల్‌ఎస్, అది 0.1 దాటకూడదు. ఆ తల్లి వేలు తప్పు లింక్ మీద పడడానికి కారణం ఈ మూడోదే. వందకు వంద స్కోరు రావాలన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకండి. ఈ మూడూ దారిలోకి వస్తే చాలు.

హోమ్‌పేజీ ఒక్కటే కొలిచి ఊరుకోవద్దు. తల్లిదండ్రులు నిజంగా వచ్చేది నోటీసులు, అడ్మిషన్లు, ఫీజు పేజీలకు. వాటినీ కొలిచి, తేదీ వేసి రాసి పెట్టుకోండి.

రెండో పని: ఫోటోలు

క్రోమ్‌లో మీ పేజీ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిజేబుల్ క్యాష్ (దాచిన కాపీలు వాడొద్దు) మీద టిక్ పెట్టి పేజీ రీలోడ్ చేసి, సైజ్ అన్న గడి మీద ఒకటి రెండుసార్లు నొక్కితే బరువైన ఫైళ్లు పైకి వస్తాయి. పై వరుసల్లో ఉండేవి దాదాపు ఎప్పుడూ ఫోటోలే.

ఒక లెక్క చూడండి. ఫోన్ కెమెరా తీసే ఫోటో సాధారణంగా 4000 పిక్సెళ్ల వెడల్పు, 4 ఎంబీ బరువు ఉంటుంది. హోమ్‌పేజీ స్లైడర్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి మారే ఫోటోల పెట్టెలో అలాంటివి ఆరు పెట్టారనుకుందాం, 24 ఎంబీ అయింది. గూగుల్ మొబైల్ పరీక్ష సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్‌ను లెక్కలోకి తీసుకుంటుంది. ఆ నెట్ మీద 24 ఎంబీ దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అవే ఫోటోలను 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి, బరువు తక్కువుండే వెబ్‌పీ ఫార్మాట్‌లోకి మారిస్తే ఒక్కోటి సుమారు 200 కేబీ దగ్గరకు వస్తుంది. మొదట కనిపించే ఒక్క ఫోటో అదే నెట్ మీద ఒక సెకనులో దిగిపోతుంది. ఫోన్ తెర మీద రెండింటికీ తేడా కంటికి ఆనదు.

ఎలా చేయాలంటే: గూగుల్ క్రోమ్ బృందం తయారుచేసిన స్క్వూష్ అనే ఉచిత పరికరం ఉంది. బ్రౌజర్‌లో తెరిచి ఫోటోను అందులోకి లాగండి. రీసైజ్‌లో వెడల్పు 1600 ఇవ్వండి, ఫార్మాట్‌గా వెబ్‌పీ, క్వాలిటీ 75 పెట్టండి. మధ్యలో ఉండే గీతను అటూ ఇటూ జరిపితే అసలు ఫోటో, కుదించిన ఫోటో పక్కపక్కనే కనిపిస్తాయి. పిల్లల ముఖాలు, బ్యానర్ మీద అక్షరాలు చెదరకుండా ఉన్నాయో లేదో అక్కడ చూసుకోండి. చెదిరితే క్వాలిటీ కాస్త పెంచండి. గ్యాలరీలో చిన్నగా కనిపించే ఫోటోలకు 400 నుంచి 600 పిక్సెళ్లు సరిపోతుంది.

స్క్వూష్‌నే చెప్పడానికి ఇంకో కారణం ఉంది. అది ఫోటోను మీ బ్రౌజర్‌లోనే కుదిస్తుంది, ఎక్కడికీ పంపదు. ఉచితంగా కుదించి పెడతామనే సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో చాలావరకు ఫోటోను తమ సర్వర్‌కు ఎక్కించుకుంటాయి. మన చేతిలో ఉన్నవి పిల్లల ఫోటోలు. ఇంకొకటి, ఫోన్‌తో తీసిన ఫోటో ఫైల్‌లో అది తీసిన చోటు వివరాలు కూడా దాగి ఉండొచ్చు. స్క్వూష్‌లో కుదించినప్పుడు ఆ సమాచారం పోతుంది. బరువు తగ్గించడానికి చేసే పనే పిల్లల భద్రతకూ పనికొస్తోంది కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

మీ సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంటే 2560 పిక్సెళ్లు దాటిన ఫోటోలను అది తనంతట తానే ఆ కొలతకు దించుతుంది. దాన్ని నమ్ముకుని ఊరుకుంటే కుదరదు. ఫోన్‌కు 2560 కూడా ఎక్కువే, పైగా కొన్ని స్లైడర్లు అసలు ఫైల్‌నే వాడుకుంటాయి. పాత ఫోటోలు వేలల్లో ఉంటే వాటిని ఒకేసారి కుదించే ప్లగిన్లు, అంటే వర్డ్‌ప్రెస్‌కు తగిలించే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి, ఒకటి ఎంచుకోండి. కానీ కొత్త ఫోటో సైట్‌లోకి రాకముందే చిన్నదవాలి. ఆ అలవాటు లేకపోతే ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

ఫోటోలకు సంబంధించి డెవలపర్‌తో చేయించాల్సిన పనులు మూడున్నాయి. ప్రతి ఫోటోకూ కోడ్‌లో వెడల్పు, ఎత్తు ముందే రాసి ఉండాలి. అప్పుడు బ్రౌజర్ ఆ జాగా ఖాళీగా ఉంచుతుంది, లింకులు కిందికి గెంతవు. తెర కిందున్న ఫోటోలకు లేజీ లోడింగ్ ఉండాలి, అంటే స్క్రోల్ చేసి దగ్గరకు వచ్చినప్పుడే అవి దిగాలి. వర్డ్‌ప్రెస్ 2020 నుంచి దీన్ని మామూలుగానే చేస్తోంది. మూడోది చాలామంది తప్పు చేసేచోటు: పేజీ తెరవగానే కనిపించే పెద్ద ఫోటోకు మాత్రం లేజీ లోడింగ్ పెట్టకూడదు. పెడితే ముందు రావాల్సింది వెనకబడి ఎల్‌సీపీ పాడవుతుంది. దాన్నే ముందు తెమ్మని బ్రౌజర్‌కు చెప్పేలా ఫెచ్ ప్రయారిటీ హై అని రాయించండి.

స్లైడర్, వీడియో, పీడీఎఫ్

స్లైడర్ తీసేయమనే నా సలహా. రెండో బొమ్మ వచ్చేదాకా ఆగి చూసే ఓపిక పని మీద వచ్చిన తల్లిదండ్రులకు ఉండదు. ఆ ఆరు బొమ్మల కోసం ఒక స్క్రిప్టు, దానికి తోడు ఇంకో లైబ్రరీ దిగుతాయి. ఒక్క మంచి ఫోటో, దాని కిందే నోటీసులు, అడ్మిషన్లు, ఫీజు బటన్లు పెట్టండి. యాజమాన్యం ఒప్పుకోకపోతే పాత ఫోన్‌లో సైట్ తెరిచి వాళ్ల చేతికే ఇవ్వండి. ఏ నివేదికా చేయలేని పని అది చేస్తుంది.

హోమ్‌పేజీలో దానంతట అదే ఆడే వీడియో కూడా అంతే, చూసేవాళ్ల డేటా తినేస్తుంది. యూట్యూబ్ వీడియోను నేరుగా పేజీలో అతికిస్తే, ప్లే నొక్కకముందే వందల కేబీల స్క్రిప్టులు దిగుతాయి. దాని బదులు వీడియో బొమ్మ, మీద ప్లే గుర్తు మాత్రమే చూపించి, నొక్కినప్పుడు అసలు ప్లేయర్ తెచ్చే పద్ధతి ఉంది. లైట్ యూట్యూబ్ ఎంబెడ్ అనేది అలాంటిదే.

సర్క్యులర్ల సంగతి. కంప్యూటర్‌లో టైపు చేసి, ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ పీడీఎఫ్‌ను సైట్‌లో పెడతారు. నాలుగు వాక్యాల కబురు అలా అనేక ఎంబీల ఫైలవుతుంది. ఫోన్‌లో దాన్ని దింపి, వేరే యాప్‌లో తెరిచి, పెద్దది చేసుకుని చదవాలి. కళ్లు కనపడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్‌కు స్కాన్ చేసిన కాగితం ఒట్టి బొమ్మే, అక్షరం చదవదు. ఆ నాలుగు వాక్యాలనూ పేజీలోనే టైపు చేయండి. సంతకమున్న ప్రతి తప్పనిసరైతే కింద లింక్‌గా ఇవ్వండి, స్కాన్ చేసేటప్పుడు 150 డీపీఐ, నలుపు తెలుపు ఎంచుకోండి.

బయటి నుంచి తెచ్చి తగిలించినవి

చాట్ బాక్సు, సోషల్ మీడియా ఫీడ్, మ్యాపు, సందర్శకుల లెక్క, ప్రకటనల ట్రాకర్, ఎప్పుడో అడ్మిషన్ల ప్రచారం చేసిపెట్టిన ఏజెన్సీ వదిలి వెళ్లిన కోడ్. నొక్కితే పేజీ స్పందించకుండా బిగుసుకుపోయేది ఎక్కువగా వీటి వల్లే. నెట్‌వర్క్ ట్యాబ్‌లో మీ డొమైన్ కాని పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని ఎదురుగా, దీన్ని ఈ నెలలో ఎవరు వాడారో రాయండి. పేరు రానిదాన్ని తీసేయండి. మ్యాపు బదులు దాని బొమ్మ పెట్టి, నొక్కితే అసలు మ్యాపు తెరుచుకునేలా చేయొచ్చు. వాడని ప్లగిన్లను ఆపి వదిలేయకుండా పూర్తిగా తొలగించండి, వేగంతో పాటు భద్రతకూ మంచిది.

ఫాంట్ల దగ్గర కాస్త జాగ్రత్త. తెలుగు ఫాంట్లలో గుణింతాలు, ఒత్తుల వల్ల అక్షర రూపాలు ఎక్కువ, కాబట్టి ఫైల్ కూడా ఇంగ్లిష్ ఫాంటు కంటే బరువు. ఒక ఫాంటు, రెండు మందాలు చాలు. వెబ్ కోసం కుదించిన వాఫ్2 ఫార్మాట్‌లో ఉండాలి. ఫాంట్ డిస్‌ప్లే స్వాప్ పెట్టిస్తే, ఫాంటు వచ్చేదాకా ఫోన్‌లో ఉన్న అక్షరాలతోనే పేజీ కనిపిస్తుంది.

హోస్టింగ్, క్యాష్

ఇవన్నీ చేశాక కూడా తెల్ల తెర చాలాసేపు ఉంటే అప్పుడు సర్వర్‌ను అనుమానించాలి. పేజ్‌స్పీడ్ ఫలితంలో టీటీఎఫ్‌బీ, అంటే సర్వర్ నుంచి మొదటి బైటు రావడానికి పట్టిన సమయం చూడండి. 0.8 సెకన్ల లోపు ఉంటే సర్వర్ బాగున్నట్టే. దాటితే ముందు పేజ్ క్యాష్ ఆన్ చేయండి. వచ్చినవాళ్లందరికీ పేజీని కొత్తగా వండకుండా, సిద్ధంగా ఉన్న కాపీ ఇవ్వడం అన్నమాట. హోస్టింగ్ కంపెనీని పీహెచ్‌పీ కొత్త వెర్షన్, బ్రోట్లీ లేదా జీజిప్ కంప్రెషన్, హెచ్‌టీటీపీ 2 ఉన్నాయా అని అడగండి. క్లౌడ్‌ఫ్లేర్ లాంటి సీడీఎన్ పెడితే ఫోటోలు చూసేవాళ్లకు దగ్గరున్న సర్వర్ నుంచి వెళ్తాయి, దానికి ఉచిత ప్లాన్ కూడా ఉంది.

ఇక్కడొక హెచ్చరిక, దయచేసి దాటేయకండి. లాగిన్ అయ్యాక వచ్చే పేజీలు, మార్కులు, ఫీజు వివరాలు క్యాష్‌లోకి వెళ్లకూడదు. వెళ్తే ఒకరి పిల్లల వివరాలు ఇంకొకరికి కనిపించే ప్రమాదం ఉంది. క్యాష్ ఆన్ చేశాక రెండు ఫోన్లలో రెండు వేర్వేరు ఖాతాలతో లాగిన్ అయి స్వయంగా చూసుకోండి.

ఫలితాలొచ్చే రోజు, అడ్మిషన్లు మొదలయ్యే రోజు, హఠాత్తుగా సెలవు ఇచ్చిన రోజు అందరూ ఒక్కసారే సైట్ మీద పడతారు. ఆ రోజుల కోసం డేటాబేస్ అక్కర్లేని, ఫోటోలు లేని ఒక సాదా నోటీసు పేజీని ముందే తయారుచేసి ఉంచండి. లోగో, తేదీ, కబురు, ఆఫీసు నంబరు ఉంటే సరిపోతుంది. మొత్తం 50 కేబీ దాటకుండా చూడండి. ఆ పేజీ అడ్రస్‌నే తల్లిదండ్రులకు పంపండి.

ఫోటోలు పెట్టే టేబుల్ దగ్గర

అప్‌లోడ్ చేసే కంప్యూటర్ పక్కన ఒక కాగితం అంటించండి: వెడల్పు 1600, వెబ్‌పీ, 250 కేబీ లోపు. ఒక ఫంక్షన్‌కు పన్నెండు ఫోటోలకు మించి వద్దు. ఆ పన్నెండింటినీ ఎవరు ఎంచాలో కూడా ముందే అనుకోండి, లేకపోతే ఏ ఒక్కరి పిల్లాడినీ వదిలేయలేక మూడు వందలూ ఎక్కించేస్తారు. ఆ బాధ నాకు తెలుసు. మిగతా ఫోటోలను ఆ తరగతి తల్లిదండ్రులకు మాత్రమే తెరుచుకునే ఆల్బమ్‌లో పెట్టి లింక్ పంపితే ఎవరూ నొచ్చుకోరు.

అన్నీ అయ్యాక మళ్లీ కొలవండి. కింది పరీక్ష ఫలితం వెంటనే మారుతుంది. పై భాగంలో ఉండే నిజమైన సందర్శకుల అంకెలు మాత్రం గత 28 రోజుల లెక్క కాబట్టి నెమ్మదిగా కదులుతాయి, నెల తిరిగాక చూడండి. ఈలోపు అదే పాత ఫోన్, వైఫై ఆపేసి, అదే నోటీసు పేజీ. మొదటి రోజు రాసుకున్న సెకన్ల పక్కన ఈ రోజు సెకన్లు రాయండి.