టోర్ రిలే పెడుతున్నారా? ముందు మీ సామాను పక్కకి తీయండి

టోర్ అంటే వాడేవాళ్లెవరో తెలియకుండా వాళ్ల ట్రాఫిక్‌ని రిలేలనే కొన్ని సర్వర్ల గుండా మళ్లించే నెట్‌వర్క్. చివరి రిలే ఎగ్జిట్; అవతలి వెబ్‌సైటుకి కనిపించేది దాని ఐపీ అడ్రసే. 2024 ఆగస్టు 16న జర్మనీలో టోర్ ఎగ్జిట్ రిలేలు నడిపే ఒక స్వచ్ఛంద సంఘం మీద పోలీసు సోదా జరిగింది. పోలీసులు వెళ్లింది సంఘం రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఉన్న చిరునామాకి. అక్కడున్నది ఒకరి ఇల్లూ ఆఫీసూ. ఆ తర్వాత సంఘాన్ని ఉంచాలా మూసేయాలా అనే చర్చ దాకా వెళ్లింది వ్యవహారం.

రెండు నెలలు దాటాక ఇంకో గొడవ. ఎవరో టోర్ రిలేల ఐపీ అడ్రసులు ఫోర్జరీ చేసి, ఇంటర్నెట్‌లో ఎన్నో సర్వర్ల పోర్ట్ 22 (దూరం నుంచి లాగిన్ అయ్యే దారి) మీదా కనెక్షన్ అడిగే సిన్ ప్యాకెట్లు వదిలారు. కవరు మీద పంపినవారి చిరునామా ఎవరిదైనా రాసేయొచ్చు కదా, అలాగన్నమాట. అవతలి సర్వర్లలోని ఆటోమేటిక్ సిస్టమ్‌లు ఆ అడ్రసు చూసి హోస్టింగ్ కంపెనీలకి ఫిర్యాదులు పంపాయి. ఈసారి ఎగ్జిట్లే కాదు, మిడిల్ రిలేలు (ట్రాఫిక్‌ని టోర్ లోపలే ఇంకో రిలేకి అందించేవి) నడిపేవాళ్లు కూడా ఇరుక్కున్నారు. ఆ ప్యాకెట్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో కనిపెట్టి ఆపించేసరికి నవంబరు 7 అయింది.

ఇవి చదివాక కూడా రిలే పెడతామనే వాళ్లు ఉన్నారు. సంతోషం, పెట్టండి. టోర్ ఎలా పనిచేస్తుందో ఇంతకంటే వివరంగా ఇక్కడ చెప్పను. సర్వర్ అప్‌డేట్ చేయండి, పాస్‌వర్డ్ బదులు కీ వాడండి లాంటివీ చెప్పను, అవి మీకు తెలిసినవే. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్కటే: రిలేని మీ సొంత పనులతో కలపొద్దు.

కలపడం అంటే

ఒకే మెషీన్‌లో పెట్టడమే కలపడం అనుకుంటారు చాలామంది. మెషీన్ వేరుగా పెట్టి, ఖాతా ఒకటే ఉంచుతారు. కొంప మునిగేది అక్కడే.

నాకు తెలిసిన ఒక కుర్రాడు జర్మనీలో మాస్టర్స్ చేస్తూ, ఊళ్లో వాళ్ల బాబాయి బట్టల షాపు వెబ్‌సైటూ ఆర్డర్ల మెయిలూ తన హోస్టింగ్ ఖాతాలోనే నడిపేవాడు. అదే ఖాతాలో ఇంకో చిన్న వీపీఎస్ (అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుని మిడిల్ రిలే పెట్టాడు. ఎగ్జిట్ కాదు కదా, మనకి ఫిర్యాదులేం వస్తాయిలే అనుకున్నాడు. సరిగ్గా దీపావళి హడావిడిలో, పైన చెప్పిన ఫోర్జరీ ఫిర్యాదు ఒకటి అతని మీదకొచ్చింది. 24 గంటల్లో జవాబివ్వమని కంపెనీ మెయిల్ పంపింది. పంపింది ఎక్కడికి? షాపు డొమైన్ మీదున్న మెయిల్ ఐడీకి. ఆ గడువులో అది తెరిచి చూసినవాళ్లు లేరు. కంపెనీ ఆపింది రిలేని కాదు, ఖాతా మొత్తాన్ని. దాంతో మెయిల్ సర్వర్ కూడా ఆగిపోయింది. తర్వాత వాళ్లు పంపిన ‘ఇదే చివరి అవకాశం’ మెయిల్ వచ్చి పడటానికి ఇన్‌బాక్సే లేదు. షాపు ఫొటోలు, ఆర్డర్లు, బ్యాకప్... అన్నీ అక్కడే ఉండేవి. తప్పు చేయకుండానే పోయాయి.

కాబట్టి రిలేకి వేరే ఖాతా తీసుకోండి. కుదిరితే వేరే కంపెనీలోనే తీసుకోండి. ఫిర్యాదులొచ్చే మెయిల్ ఆ సర్వర్ల మీద ఉండకూడదు, పైగా ఫోన్‌లో మోగాలి. జవాబు ముందే రాసి పెట్టుకోండి: ఇది టోర్ రిలే, ఈ ట్రాఫిక్ నాది కాదు, ఈ ఐపీ రిలేల పబ్లిక్ జాబితాలో ఉంది అని. ఫోర్జరీ అనుమానం వస్తే టీసీపీడంప్ (వచ్చీపోయే ప్యాకెట్లు రికార్డు చేసే టూల్) పెట్టి చూడండి. మీ దగ్గర్నుంచి పోర్ట్ 22కి ఒక్క సిన్ కూడా బయటికి పోకుండా, అవతలి నుంచి మీరడగని జవాబులు మాత్రం వచ్చి పడుతుంటే, ఆ లాగ్ జవాబుకి జత చేయండి.

ఇల్లు

ఇంటి నుంచి ఎగ్జిట్ నడపొద్దు. 2017 ఏప్రిల్‌లో మాస్కోలో ఒక లెక్కల టీచర్‌ని అరెస్టు చేశారు. ఎవరో పెట్టిన రెచ్చగొట్టే పోస్టులకి దొరికిన ఐపీ ఆయన ఇంట్లో నడిచే ఎగ్జిట్‌ది. జైలు, ఆ తర్వాత గృహనిర్బంధం. కేసు కొట్టేసేసరికి 2018 మే వచ్చింది.

విదేశాల్లో రూమ్ షేర్ చేసుకుని ఉండే మన పిల్లలకి ప్రత్యేకంగా చెబుతున్నా. సోదాకి వచ్చినవాళ్లు ఏ లాప్‌టాప్ ఎవరిదని ఆరా తీస్తూ కూర్చోరు. మీ రూమ్మేట్ థీసిస్ కూడా పోతుంది.

మన దేశంలో అయితే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎస్ కంపెనీలు కస్టమర్ వివరాలు 5 ఏళ్లు దాచాలి. అంటే నోటీసు నేరుగా మీ పేరు మీదే వస్తుంది. ఐటీ చట్టం సెక్షన్ 79 మధ్యవర్తులకి రక్షణ ఇస్తుంది కదా అంటారు. అది లాయరు కోర్టులో చెప్పే మాట. గుమ్మంలో నిలబడ్డ ఎస్సైకి మీరు చెప్పే మాట కాదు.

ఇంట్లో మిడిల్ రిలే అయినా నేను వద్దనే అంటాను. రిలేల ఐపీలు అందరికీ కనిపిస్తాయి, కొన్ని సైట్లు ఆ జాబితా మొత్తాన్నీ బ్లాక్ చేస్తాయి. తర్వాత మీ ఇంట్లో ఏదో బ్యాంకు పేజీ తెరుచుకోదు, నాన్నగారు మిమ్మల్నే తిడతారు. పైగా వేల కనెక్షన్లు ఒకేసారి వస్తే ఇంటి రౌటర్ తట్టుకోలేదు. మన ఫైబర్ కనెక్షన్లలో చాలావాటికి సొంత పబ్లిక్ ఐపీ కూడా ఉండదు. ఇంటి నుంచే సాయం చేయాలనుంటే బ్రౌజర్‌లో స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ (టోర్ బ్లాక్ అయిన చోట ఉన్నవాళ్లకి దారి ఇచ్చేది) వేసుకోండి. దాని నుంచి ట్రాఫిక్ టోర్ లోపలికే పోతుంది, మీ ఐపీ నుంచి వెబ్‌సైట్లకి పోదు.

మిగతావి

ఎగ్జిట్ పెట్టే ముందు హోస్టింగ్ కంపెనీ నుంచి రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. చాట్‌లో ‘ఓకే సర్’ అన్నది చెల్లదు.

పోర్ట్ 25 (మెయిల్ పంపే దారి, స్పామ్ పోయేది దీని గుండానే) మూసేయండి. రెడ్యూస్డ్ ఎగ్జిట్ పాలసీతో (ఎంపిక చేసిన పోర్టులకే ట్రాఫిక్ వదిలే టోర్ సెట్టింగ్) మొదలుపెట్టండి.

రివర్స్ డీఎన్ఎస్ పేరులోనే (ఐపీని వెతికితే వచ్చే పేరు) టోర్ ఎగ్జిట్ అని కనిపించాలి. ఐపీని బ్రౌజర్‌లో కొడితే ఇది టోర్ ఎగ్జిట్ అని చెప్పే పేజీ రావాలి. విచారించే అధికారి మొదట చూసేవి అవే.

మీ ఎగ్జిట్ గుండా పోయే ట్రాఫిక్‌లోకి తొంగి చూడొద్దు. సరదాకి కూడా.

లాగ్‌లు ఉంచుకోవద్దు. ఫోర్జరీ తేల్చడానికి పెట్టిన క్యాప్చర్ కూడా పోర్ట్ 22 వరకే, పని అయ్యాక తీసేయండి.

లెక్క ముందే వేసుకోండి. సెకనుకి 1 మెగాబైట్ నడిస్తే నెలకి సుమారు 2.6 టెరాబైట్లు లోపలికి, అంతే బయటికి. ప్లాన్ దాటితే బిల్లు చూసి టెన్షన్ పడటం కంటే అకౌంటింగ్‌మ్యాక్స్ (ట్రాఫిక్‌కి హద్దు పెట్టే టోర్ సెట్టింగ్) పెట్టుకోవడం నయం.

మొదటి వారం ట్రాఫిక్ పెద్దగా రాదు. వచ్చేదాకా ఆగండి. రోజూ రీస్టార్ట్ చేయొద్దు.

రెండో రిలే పెడితే రెండూ మీవేనని ఫ్యామిలీ సెట్టింగ్‌లో చెప్పండి. చెప్పకపోతే ఒకరి ట్రాఫిక్ మీ రెండు రిలేల గుండానే పోవచ్చు. నెట్‌వర్క్ వాళ్లకి మీరు దొంగలా కూడా కనిపిస్తారు.

కీస్ ఫోల్డర్ (రిలే గుర్తింపు కీలు ఉండేది) బ్యాకప్ తీయండి, గిట్‌హబ్‌లో పెట్టొద్దు.

రిలే ఉన్న సర్వర్‌లో మీ పాస్‌వర్డులు, ఫొటోలు, క్లయింటు కోడ్ ఉండకూడదు. ‘టెంపరరీగా’ కూడా వద్దు. కలపొద్దు.

రిలే ఐపీ నుంచి మీ వీపీఎన్ నడపొద్దు. అది కూడా కలపడమే.

ఆఫీసు క్లౌడ్ ఖాతాలో పెట్టొద్దు. యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో చెప్పకుండా పెట్టొద్దు.

పోలీసులు సర్వర్ పట్టుకుపోతే, తిరిగిచ్చినా సరే, పాత కీలతో మళ్లీ లేపొద్దు. ఆ కీలు పోయినట్టే లెక్క. టోర్ ప్రాజెక్టుకి చెప్పి పాత ఫింగర్‌ప్రింట్ (రిలే గుర్తింపు కోడ్) తీయించి, కొత్త కీలతో మొదలుపెట్టండి.

లాయరు నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ రోజు ఫోన్ మీ చేతిలో ఉండదు.