పసిబిడ్డ మోషన్ మారితే: మందుకు ముందు చూడాల్సినవి

పసిబిడ్డ దొడ్డికి పోయే తీరు మారిందని చిన్నపిల్లల ఓపీకి వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో అప్పటికే ఏదో ఒక సీసా ఉంటుంది. గ్రైప్ వాటరో, పక్కింటివాళ్ళు చెప్పిన చుక్కలో, మెడికల్ షాపులో అడిగి తెచ్చిన సిరప్పో. "నిన్నటి నుంచి ఉచ్చ ఎన్నిసార్లు పోసింది?" అని అడిగితే మాత్రం జవాబు రాదు. తిరుపతిలో నర్సుగా ఇన్నేళ్ళుగా అడుగుతున్న మొదటి ప్రశ్న ఇదే. ఇంట్లోనే చూసుకోగలిగినదీ, అందరూ వదిలేసేదీ ఇదే.

పుట్టి 5 రోజులు దాటిన బిడ్డ 24 గంటల్లో కనీసం 6 సార్లు ఉచ్చ పోయాలి. అది సరిగ్గా ఉండి, బిడ్డ హుషారుగా పాలు తాగుతూ బరువు పెరుగుతుంటే, మోషన్ రంగులోనూ లెక్కలోనూ వచ్చే మార్పుల్లో ఎక్కువ వాటికి మందే అక్కర్లేదు. లెక్క తెలియాలంటే ఒక పగలంతా డైపర్ తీసేసి పాత నూలుగుడ్డ కట్టండి. నీళ్ళ విరేచనాన్ని కూడా డైపర్ పీల్చేసుకుంటుంది. పైన మరక మాత్రం మిగిలితే అది ఉచ్చే అనుకుంటారు. రంగు చూసేటప్పుడు రాత్రి లైటు కింద చూడొద్దు, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి.

నాలుగైదు రోజులుగా పోలేదు, పోయినప్పుడు మెత్తగానే ఉంది

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ అయితే, 6 వారాలు దాటాక ఇది మామూలే. అంతకుముందు పాలు తాగిన ప్రతిసారీ పోయిన బిడ్డ ఒక్కసారిగా వారానికి ఒకసారికి వచ్చేయొచ్చు. పొట్ట మెత్తగా ఉండి, వాంతులు లేకపోతే వదిలేయండి. నెల లోపు బిడ్డ సరిగ్గా పోవడం లేదంటే మాత్రం పాలు చాలడం లేదేమో చూడాలి. ఆ రోజే బరువు తూయించండి.

ముఖం ఎర్రబడేలా ముక్కి, పది నిమిషాలు ఏడ్చి, చివరికి మెత్తగా పోస్తే అది మలబద్ధకం కాదు. ముక్కడం, కింద కండరాలు వదలడం రెండూ ఒకేసారి చేయడం బిడ్డకు ఇంకా చేతకాలేదంతే. దానంతట అదే నేర్చుకుంటుంది. తమలపాకు తొడిమకు ఆముదం రాసి పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం దయచేసి మానేయండి. లోపలి పొర చాలా సున్నితం, చీలిందంటే బిడ్డ ఆ నొప్పికి భయపడి నిజంగానే బిగబట్టుకుంటుంది.

ఆకుపచ్చగా, నురగగా

తల్లిపాల బిడ్డకైతే ఎక్కువగా కారణం, ఒకవైపు పూర్తిగా తాగకముందే రెండోవైపుకు మార్చడం. మొదట వచ్చే పల్చటి పాలే ఎక్కువగా లోపలికి పోతాయి. ఒకవైపు బిడ్డ తనంతట తాను వదిలేదాకా తాగించి, తర్వాతే రెండోవైపు పట్టండి. ఐరన్ చుక్కలు వాడుతుంటే ముదురు ఆకుపచ్చగా, దాదాపు నల్లగా కూడా పోతుంది. దానికి భయపడి చుక్కలు ఆపకండి.

గట్టిగా, మేక పెంటికల మాదిరి

తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఇది చాలా అరుదు. ఉండలు ఉండలుగా పోతోందంటే దాదాపు ఎప్పుడూ పోతపాలు మొదలై ఉంటాయి. ఆవు పాలో, ఎనుము పాలో పడుతుంటే వెతుకులాట అక్కడితో ఆపేయండి. ఏడాది నిండేదాకా అవి బిడ్డకు తాగే పాలుగా పనికిరావు, సగం నీళ్ళు కలిపినా సరే. మా జిల్లాల్లో ఇంటింటా పాడి ఉండడంతో ఈ మాట చెప్పడం కష్టమే అయినా చెప్పక తప్పదు.

డబ్బా పాలు పడుతున్న ఇంట్లో జరిగేది వేరు. ముందు డబ్బా కంపెనీ మారుస్తారు. తగ్గకపోతే ఇంకో కంపెనీ. ఆ తర్వాత ఆముదం. ఆ తర్వాత డాక్టరు దగ్గర మోషన్ మందు, ఇంకా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్షలు. ఈ మెట్లన్నీ ఎక్కి, అలిసిపోయి వచ్చిన బిడ్డల్ని చూసి చూసి చెబుతున్నాను: పాలు కలిపే మనిషి పక్కన నిలబడి ఒక్క సీసా కలపడం చూడండి.

ఎలా కలుపుతున్నారని అడిగితే లాభం లేదు. "డబ్బా మీద రాసినట్టే" అంటారు. అబద్ధమేమీ కాదు, ఓపీకి వచ్చిన అమ్మ నిజంగా అలాగే కలుపుతుంది. కానీ ఆమె శ్రీసిటీకో, రేణిగుంట కంపెనీకో షిఫ్టుకు పోయినప్పుడు కలిపేది జేజి. సాయంత్రం నాన్న. ముగ్గురి చేతుల్లో మూడు రకాల పాలు తయారవుతాయి. అమ్మ సెలవు పెట్టి ఇంట్లో ఉన్న రోజుల్లో మెత్తబడి, డ్యూటీకి పోగానే మళ్ళీ గట్టిపడితే ఇంక అనుమానమే అక్కర్లేదు.

చిక్కపడే దారులు చాలా ఉన్నాయి. చెంచా గోపురంలా నింపడం, లేకపోతే అదిమి నింపడం. డబ్బా మారినా పాత డబ్బా చెంచానే వాడడం; కంపెనీని బట్టి చెంచా సైజు మారొచ్చు. సీసాలో ముందు పొడి వేసి, తర్వాత 120 గీత దాకా నీళ్ళు పోయడం. పొడి కొంత చోటు ఆక్రమించింది కాబట్టి నీళ్ళు తగ్గిపోతాయి. రాత్రి బాగా నిద్రపోతాడని ఒక చెంచా ఎక్కువ. అన్నిటికంటే దొంగ కారణం ఇంకోటుంది: మామూలు పాలు కాచే అలవాటు కొద్దీ, కలిపిన డబ్బా పాలను కూడా స్టవ్ మీద పెట్టి మరిగించడం. చెంచాల లెక్క అంతా సరిగ్గానే ఉంటుంది, నీళ్ళు ఆవిరైపోతాయి. పక్కన నిలబడి చూస్తే తప్ప ఇది బయటపడదు.

పెద్దవాళ్ళ మీద కోప్పడకండి. "నీళ్ళ పాలు తాగితే బిడ్డకి బలం యాడొస్తాది సిస్టరమ్మా?" అని అడిగే జేజిది ప్రేమే. ఆమెకు కారణం చెబితే చక్కగా అర్థం చేసుకుంటుంది. పొడి ఎక్కువైతే ప్రోటీనూ, ఉప్పులూ ఎక్కువవుతాయి. వాటిని బయటికి పంపడానికి బిడ్డ మూత్రపిండాలకు నీళ్ళు కావాలి, పాలల్లో నీళ్ళు చాలవు. శరీరం పేగులోంచి నీళ్ళు లాగేసుకుంటుంది, మోషన్ ఎండిపోతుంది. దాహంతో బిడ్డ ఏడుస్తుంది. ఆకలి అనుకుని ఇంకో చిక్కటి సీసా పడతారు. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి ఎండకు ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. ఉచ్చ తగ్గి, ముదురు పసుపు రంగులోకి వస్తుంది. అంతకు మించి పోతే రక్తంలో సోడియం పెరిగి బిడ్డ మత్తుగా పడిపోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే దీన్ని ఉత్త మలబద్ధకం అని తేలిగ్గా తీసుకోవద్దు.

సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. నీళ్ళు బాగా మరిగించండి, క్యాన్ నీళ్ళయినా సరే. అరగంటకు మించి ఆరనివ్వకుండా, వేడిగా ఉండగానే ముందు సీసాలోకి గీత చూసి కొలిచి పోయండి. సీసాను కళ్ళకు ఎదురుగా, సమంగా ఉన్నచోట పెట్టి చూడండి. ఆ డబ్బాలో వచ్చిన చెంచాతోనే, అదమకుండా నింపి, శుభ్రమైన కత్తి వెనకవైపుతో చదును చేసి వేయండి. మన దగ్గర దొరికే ఎక్కువ డబ్బాలకు 30 మిల్లీలీటర్ల నీళ్ళకు ఒక చెంచా; మీ డబ్బా మీద వేరే ఉంటే అదే లెక్క. కలిపాక మళ్ళీ కాచొద్దు, సీసాను చన్నీళ్ళ గిన్నెలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. తాగగా మిగిలినవి పారబోయండి. ఆ లెక్కను కాగితం మీద రాసి స్టవ్ దగ్గర గోడకు అతికించండి, కలిపే ప్రతి మనిషికీ కనబడేలా. మామూలుగా రెండు మూడు రోజుల్లో తేడా కనిపిస్తుంది.

డబ్బా త్వరగా అయిపోతోందని పల్చగా కలిపే ఇళ్ళూ ఉన్నాయి. అక్కడ బిడ్డ బరువు పెరగదు. ఖర్చు భారమైతే సిగ్గుపడకుండా ఏఎన్ఎంతోనో, ఆశాతోనో చెప్పండి. డ్యూటీకి పోయే అమ్మలు పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టిపోతే ఆ రోజంతా నిశ్చింతగా వాడొచ్చు. 6 నెలల లోపు బిడ్డకు ఇదే అన్నిటికంటే మంచి దారి.

నీళ్ళలా, మామూలుకంటే ఎక్కువసార్లు

తల్లిపాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువ పట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం, దాని మీద రాసినన్ని నీళ్ళలోనే కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో అంచనాగా కలపడం ప్రమాదం. జింక్ 14 రోజులు: 2 నుంచి 6 నెలల దాకా రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైన 20. విరేచనం ఆగిందని మధ్యలో మానేయొద్దు. కళ్ళు లోతుకు పోవడం, మాడు గుంటపడడం, 6 గంటలుగా ఉచ్చ లేకపోవడం, పాలు తాగకుండా మత్తుగా ఉండడం కనిపిస్తే ఇంట్లో ఉంచకండి. 2 నెలల లోపు బిడ్డకైతే ఈ లక్షణాల కోసం ఎదురు చూడకుండానే తీసుకెళ్ళండి.

అన్నం మొదలయ్యాక

రాగి జావకు ముదురు గోధుమ రంగు, బీట్‌రూట్‌కు ఎరుపు, ఇవన్నీ మామూలే. అరటిపండు తిన్న మర్నాడు సన్నటి నల్లటి దారాల్లాంటివి కనిపిస్తే పురుగులని పురుగుల మందు వేయకండి, అవి పండు మధ్యలోని నారే. గట్టిపడితే జావ పల్చగా చేసి, కాచిన నీళ్ళు మధ్యమధ్యలో పట్టండి. తేనె మాత్రం ఏడాది లోపు వేలికి రాసి నాకించడం కూడా వద్దు.

ఆగకుండా తీసుకెళ్ళాల్సినవి

తెల్లగా, సుద్దలా పోతే, ముఖ్యంగా పుట్టిన 14 రోజుల తర్వాత కూడా కామెర్లు ఉంటే, అదే రోజు డాక్టరుకు చూపించండి. పైత్య నాళాలు మూసుకుపోయే జబ్బు కావచ్చు, దానికి ఆపరేషన్ 60 రోజుల లోపు జరిగితేనే ఫలితం బాగుంటుంది. రక్తం జిగటగా పడుతూ బిడ్డ ఉండుండి మెలికలు తిరిగి ఏడ్చినా, ఆకుపచ్చ వాంతి అయినా, పొట్ట ఉబ్బి బిగుసుకుపోయినా, పుట్టిన 48 గంటల్లో నల్లటి మొదటి మలం పోకపోయినా రుయా లాంటి పెద్దాసుపత్రికే నేరుగా వెళ్ళండి, బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. పేగు నరాల లోపం, థైరాయిడ్ లాంటివి చాలా తక్కువమందికే ఉంటాయి, వాటి సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మీరు వెళ్ళేటప్పుడు పగటి వెలుతురులో ఫోన్‌తో తీసిన మోషన్ ఫొటో, ఉచ్చ లెక్క, పాల డబ్బా, దాని చెంచా, మీరు రోజూ వాడే సీసా పట్టుకెళ్ళండి. వీలైతే పగలు పాలు కలిపే మనిషిని కూడా వెంట తీసుకెళ్ళండి.