ఇండక్షన్ గిన్నె కొనేముందు ఒక చిన్న పరీక్ష

కొత్త స్టీలు గిన్నె ఇంటికి తెచ్చాక ఇండక్షన్ స్టవ్ దాన్ని గుర్తించకుండా బీప్ కొడుతుంటే ప్రాణం విసుగెత్తుతుంది. నాకు రెండుసార్లు అలాగే అయింది. ఇప్పుడు షాపుకి ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం ఒకటి తీసుకెళ్తున్నాను.

గిన్నె బోర్లించి, అడుగు మధ్యలో అయస్కాంతం పెట్టి, మళ్లీ తిప్పండి. ఊడి పడకుండా గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. అడుగున 430 రకం స్టీలు వేస్తే అలా పట్టుకుంటుంది. అందులో క్రోమియం 16–18 శాతం, నికెల్ దాదాపు ఉండదు. అయస్కాంతానికి మామూలుగా అంటుకోని, ఖరీదైన 304 రకం స్టీలు ఒంటి పొర గిన్నెలు మాత్రం స్టవ్ మీద సరిగా వేడెక్కవు. అడుగు చదునుగా, సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున్నా చాలు.

అంచుల దగ్గర అంటుకుందని మాత్రం నమ్మొద్దు. సాగదీసి వంచిన చోట 304 కూడా కాస్త అంటుకుంటుంది.