మీ లెక్కలు, ఫొటోలు, కోడ్ మీ చేతిలోనే ఉండాలంటే ఏం చేయాలి?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో ఒక జీడిపప్పు వ్యాపారి లెక్కలన్నీ ఆన్‌లైన్ యాప్‌లోనే ఉంటే, ఎవరు ఎంత బాకీ ఉన్నారో చూసుకోవడానికి కూడా దారి ఉండదు. ఆన్‌లైన్ సర్వీసులు నేనూ రోజూ వాడతాను, మీరూ వాడండి. కాకపోతే పెట్టింది తిరిగి ఎలా తీసుకోవాలో తెలుసుకున్నాకే నమ్మండి.

ముందు ఒక కాగితం మీద ఏది ఎక్కడుందో రాయండి: ఫొటోలు, లెక్కలు, కస్టమర్ల నంబర్లు. ఒక్కోదాని ఎదురుగా, ఆ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ గానీ డౌన్‌లోడ్ గానీ ఉందో లేదో చూసి రాయండి. ఆ దారి లేని యాప్‌లో ముఖ్యమైనదేదీ పెట్టొద్దు.

గూగుల్‌లో ఉన్నవాటిని కాపీగా దింపుకోవడానికి టేకౌట్ అనే గూగుల్ సర్వీసే ఉంది. రెండు నెలలకోసారి ఏడాది పాటు దానంతటదే కాపీ తయారయ్యేలా పెట్టుకోవచ్చు, కానీ మెయిల్‌లో లింకు వచ్చాక దింపుకోవాల్సింది మనమే. రెండేళ్లు ముట్టుకోని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, పాత ఖాతాలుంటే వాటినీ ఒకసారి తెరవండి.

దింపిన కాపీ ఒకటి మీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండాలి. మీది టెక్కలి అయితే విజయనగరంలో అక్క వాళ్లింట్లో ఒక హార్డ్ డిస్క్ ఉంచండి. తర్వాత నెట్ ఆపేసి ఆ ఫైలు తెరిచి, పోయిన నెల లెక్క కనిపిస్తోందో లేదో చూడండి. చాలామంది ఈ పనే వదిలేస్తారు, అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

ఇంకో పెద్ద చిక్కు లాగిన్. సిమ్ పోయినా, సిగ్నల్ లేకపోయినా ఓటీపీ రాదు, పాస్‌వర్డ్ గుర్తున్నా బయటే నిలబడాలి. గూగుల్ ఖాతాలో టూ స్టెప్ వెరిఫికేషన్ కింద బ్యాకప్ కోడ్‌లు దొరుకుతాయి, ఒకసారికి 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని ప్రింట్ తీసి పట్టాదారు పాసుపుస్తకం దాచే చోటే దాచండి, ఇంట్లో ఇంకొకరికి ఆ చోటు చెప్పండి.

మీ షాపుకి వెబ్‌సైట్ ఎవరైనా కుర్రాడు చేసిపెట్టాడా? డొమైన్, అంటే ఆ సైట్ అడ్రస్ పేరు, ఎవరి పేరు మీద, ఎవరి మెయిల్‌తో ఉందో ఈరోజే అడగండి. అతను ఎంత మంచివాడైనా సరే, రేపు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లి నంబరు మారిస్తే రెన్యువల్ మెసేజ్ మీకు రాదు.

కోడ్ రాసేవాళ్లకు ఇంకో మాట. జావాస్క్రిప్ట్ రాసేవాళ్లు రెడీమేడ్ కోడ్ ముక్కలు (ప్యాకేజీలు) దింపుకునే చోటు ఎన్‌పీఎం. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాన్ని రాసినతనే అక్కడి నుంచి తీసేశాడు, ప్రపంచమంతా ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు, అంటే కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా తయారుచేసే పని, ఆగిపోయాయి. అందుకే చిన్న పనికి ప్యాకేజీ వెతక్కుండా మీరే రాసుకోండి, తప్పనిసరి అయినవాటికి లాక్ ఫైల్‌తో (ఏ ప్యాకేజీ ఏ వెర్షనో రాసి ఉండే ఫైలు) పాటు వాటి కాపీ కూడా మీ దగ్గర ఉంచండి. కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్ నుంచి క్లోన్ (పూర్తి కాపీ) చేస్తే కోడ్ చరిత్ర మొత్తం వస్తుంది గానీ ఇష్యూలు, అంటే అక్కడ రాసిన సమస్యల చర్చలు, రావు, వాటిని విడిగా దింపుకోండి. అంతా అయ్యాక నెట్ ఆపి ఒకసారి బిల్డ్ చేయండి, ఎక్కడ ఆగితే అక్కడ మీరింకా వేరేవాళ్ల సర్వర్ మీదే ఆధారపడి ఉన్నట్టు.