గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలో హెల్త్ రూమ్ నడపాలంటే ఏం చెయ్యాలి

గవర్నమెంట్ డిగ్రీ కాలేజీలకి వచ్చే పిల్లల్లో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో ఆటోల్లో వచ్చేవాళ్ళే, ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది వాళ్ళే మొదలు, జ్వరమొస్తే ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకుంటారు, అంతే. కాలేజీలో డాక్టర్ ఉండరు, నర్సు ఉండరు. అయినా సరే రోజూ ఒక గంట కేటాయించే ఇద్దరు లెక్చరర్లు, ఒక చిన్న గది, దగ్గర్లో ఒక పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) ఉంటే చాలా చెయ్యొచ్చు. ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్లు, ఉమెన్ ఎంపవర్‌మెంట్ సెల్ చూసే మేడమ్‌లు ఎవరైనా మొదలుపెడదాం అనుకుంటే వాళ్ళ కోసం ఇది.

గది కంటే ముందు మనుషుల్ని చూస్కోండి. ఒక సార్, ఒక మేడమ్, ఇద్దరూ ఉండాలి, ఎందుకంటే ఆడపిల్ల సార్ దగ్గరికొచ్చి నెలసరి కడుపునొప్పి గురించి చెప్పదు, మగపిల్లాడు మేడమ్‌కి తన చర్మం మీద మచ్చ గురించి చెప్పడు. సీనియారిటీ చూసి ఎవరికో అప్పజెప్పకండి, పిల్లలు ఇప్పటికే ఎవరి దగ్గరికి వెళ్ళి మాట్లాడుతున్నారో గమనించి వాళ్ళనే అడగండి. టైం మాత్రం మారకూడదు, లంచ్ బెల్ కొట్టాక ఒక గంట అంటే రోజూ అదే గంట. తాళం వేసి ఉన్న తలుపు రెండుసార్లు చూశాక మూడోసారి ఎవరూ రారు.

తర్వాత ప్రిన్సిపాల్ గారి సంతకంతో లెటర్ పట్టుకుని పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ని స్వయంగా కలవండి, టౌన్‌లో అయితే అర్బన్ హెల్త్ సెంటర్, తెలంగాణలో అయితే బస్తీ దవాఖానా కూడా ఉంటుంది. వాట్సాప్‌లో పంపితే పని కాదు, వెళ్ళాలి. అడగాల్సినవి మూడు: నెలకోసారి ఎవరైనా వచ్చి పిల్లల్ని చూడటం, హిమోగ్లోబిన్ టెస్టు, ఐరన్ మాత్రలు. ఇంకోటి, మనం చీటీ రాసి పంపిన పిల్లల్ని అక్కడ ఎవరు చూస్తారో ఒక పేరు, ఫోన్ నంబరు తీస్కోండి. బుధ, శనివారాలు టీకాల రోజులు కాబట్టి టీకాలు వేసే ఏఎన్‌ఎం (ఆరోగ్య కార్యకర్త) గారు కదల్లేరు, క్యాంపు ఆ రోజుల్లో పెట్టకండి.

గదిలో ఒక మంచం, దానికి కర్టెన్, బరువు మిషన్, బీపీ మిషన్, థర్మామీటర్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పారాసెటమాల్, కట్టు కట్టే సామాను, శానిటరీ ప్యాడ్లు, తాగే నీళ్ళు, మొదటికి ఇవి చాలు. యాంటీబయాటిక్స్, ఇంజెక్షన్లు అస్సలు పెట్టొద్దు, మనం డాక్టర్లం కాదు. వానాకాలంలో ఒళ్ళునొప్పులతో జ్వరమని వస్తే బ్రూఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకోవద్దని గట్టిగా చెప్పండి, డెంగ్యూ అయితే రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. రెండు రోజుల్లో తగ్గకపోతే రక్తపరీక్షకి పంపెయ్యండి. ప్యాడ్లు మాత్రం గదిలో కంటే లేడీస్ వెయిటింగ్ రూమ్‌లో అడగకుండా తీసుకునేలా పెడితేనే వాడతారు. జన్ ఔషధి షాపుల్లో ఒక్కో ప్యాడ్ రూపాయే. బాత్రూమ్‌లో నీళ్ళు రాకపోతే ఆ డబ్బులు ముందు మోటర్‌కి పెట్టండి, నీళ్ళు లేని బాత్రూమ్‌కి వెళ్ళాల్సొస్తుందని పొద్దున్నుంచి చుక్క నీళ్ళు తాగకుండా ఉండే ఆడపిల్లలు ప్రతి కాలేజీలో ఉన్నారు, యూరిన్ ఇన్ఫెక్షన్లకి అదొక పెద్ద కారణం.

ఇక అసలు సంగతి రక్తహీనత. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తం తక్కువే ఉంది. ఏడింటి బస్సు పట్టుకోవాలి కాబట్టి టీ తాగి వచ్చేస్తారు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఏమీ ఉండదు, ల్యాబ్‌లో నిలబడి నిలబడి కళ్ళు తిరిగి పడిపోతారు. పడిపోయినప్పుడు పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తులో పెట్టాలి, పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్ళు పొయ్యకూడదు. తేరుకున్నాక పల్లీ చిక్కీ, అరటిపండు ఏదో ఒకటి తినిపించి, హిమోగ్లోబిన్ టెస్టుకి పేరు రాస్కోండి. ఆడపిల్లలకి 12 కంటే తక్కువుంటే రక్తహీనత కింద లెక్క, 8 కంటే తక్కువుంటే మాత్రల కోసం ఎదురుచూడకుండా ఆ రోజే హాస్పిటల్‌కి. మగపిల్లలకి 13, వాళ్ళకి కూడా చెయ్యండి, చాలామంది వాళ్ళని వదిలేస్తారు.

టెస్టు చేసేటప్పుడు నంబర్ గట్టిగా చదవొద్దు. లైన్లో నిలబెట్టి ‘నీకు ఏడే ఉందమ్మా’ అని అందరి ముందు అంటే ఆ పిల్ల మళ్ళీ రాదు, పైగా రక్తం తక్కువని ఊళ్ళో తెలిస్తే సంబంధాలు రావని ఇళ్ళల్లో భయం కూడా ఉంటుంది. చిన్న చీటీ మీద రాసి మడిచి చేతికివ్వండి.

మాత్రలు ఇచ్చేస్తే అయిపోయిందనుకోకండి, చాలావరకు బ్యాగులోనే ఉండిపోతాయి, ఎందుకంటే మొదటి రోజే కడుపులో తిప్పుతుంది, విరోచనం నల్లగా అవుతుంది, భయపడి ఆపేస్తారు. నల్లగా అవుతుంది, కంగారు పడొద్దు అని ముందే చెప్పండి. ఖాళీ కడుపుతో పడకపోతే అన్నం తిన్నాక వేసుకోమనండి, టీ, కాఫీ, పాలతో వద్దు, గంట గ్యాప్ ఇవ్వాలి, నిమ్మరసంతో అయితే ఇంకా మంచిది. వారానికోసారి ఇచ్చే మాత్ర 19 ఏళ్ళ దాకా నీలం రంగుది, 20 నిండిన ఆడపిల్లలకి ఎరుపుది, డిగ్రీ పిల్లల్లో రెండు వయసుల వాళ్ళూ ఉంటారు కాబట్టి పీహెచ్‌సీలో రెండూ అడగాలి. పాడేరు, భద్రాచలం, ఆదిలాబాద్ వైపు కాలేజీలైతే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్త జబ్బు) టెస్టు కూడా చేయించండి, 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు, ఆ జబ్బు ఉన్నవాళ్ళకి డాక్టర్ చెప్పకుండా ఐరన్ ఇవ్వకూడదు.

మనసు బాగోలేని పిల్లల విషయం. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖలో ఒక విద్యార్థిని మరణం కేసులో తీర్పు చెప్తూ, 100 మంది లేక అంతకంటే ఎక్కువమంది చదివే ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలని చెప్పింది. మీ కాలేజీలో లేకపోతే ఆ తీర్పు జత చేసి పైకి లెటర్ పెట్టండి, అది మీ హక్కు. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ప్రతి క్లాసు గోడ మీద, హాస్టల్లో, బాత్రూమ్ తలుపు లోపలి వైపు కూడా అంటించండి, అక్కడైతే ఎవరూ చూడకుండా ఫోన్‌లో సేవ్ చేస్కోవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు, రోజంతా పని చేస్తుంది, డబ్బులుండవు.

రిజల్ట్స్ వచ్చే రోజు హెల్త్ రూమ్ సాయంత్రం దాకా తెరిచి ఉంచండి. ఎవరైనా వచ్చి కూర్చుంటే ‘సప్లీ రాస్తే పోతుందిలే’ అని తేల్చెయ్యొద్దు, ‘మీ అమ్మానాన్నల గురించి ఆలోచించావా’ అని అస్సలు అనొద్దు, వాళ్ళు చెప్పేది పూర్తిగా విని, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టిస్తామేమో అని చాలామంది భయపడతారు కానీ అలా ఏం జరగదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, పక్కనే కూర్చుని 14416కి ఫోన్ చేయించండి, ఇంట్లో ఎవరికి చెప్తే బాగుంటుందో ఆ పిల్లనే అడిగి పిలిపించండి. వాళ్ళు చెప్పిన విషయాలు స్టాఫ్ రూమ్‌లో మాట్లాడుకోవద్దు, ఒక్కసారి బయటికి పొక్కిందంటే మీ గది మూసేసినట్టే.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా పెట్టడం ఆపించండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైం చూడాలి, 5 నిమిషాలు దాటితే 108. పాము కాటేస్తే కట్టు బిగించొద్దు, కోయొద్దు, కదలనివ్వకుండా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్ళాలి, అది ఏ హాస్పిటల్‌లో ఉందో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కుని గోడ మీద రాయండి.

రిజిస్టర్ రెండు రకాలుగా పెట్టండి. టేబుల్ మీదున్న దాంట్లో తేదీ, ఏ ఇయర్, ఏం సమస్య, ఏం చేశాం, ఇంతే, పేరు లేకుండా. పేర్లున్నది బీరువాలో. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ టీమ్ వచ్చినా మొదటిదే చూపించండి. లెక్చరర్లకి ట్రాన్స్‌ఫర్లు అవుతుంటాయి కదా, వెళ్ళేముందు కొత్తవాళ్ళని ఒకసారి పీహెచ్‌సీకి వెంటబెట్టుకెళ్ళి పరిచయం చెయ్యండి, బీరువా తాళం చేతికిచ్చి, ఐరన్ కోర్సు సగంలో ఉన్న పిల్లలు ఎవరెవరో కూర్చోబెట్టి చెప్పండి.