కొత్త డ్రైవ్‌వే పెచ్చులూడుతోందా? ముందు ఎక్కడ ఊడుతోందో చూడండి

మిషిగన్‌లో మార్చి వచ్చిందంటే నాకు వచ్చే వాట్సాప్ ఫోటోలన్నీ ఒకేలా ఉంటాయి. నోవైలోనో కాంటన్‌లోనో కొత్త ఇల్లు, వీధి నుంచి గరాజ్ దాకా కారు వెళ్లే బూడిదరంగు కాంక్రీటు డ్రైవ్‌వే, దాని మీద అరచేయంత మచ్చ, కింద ఒక మెసేజ్: "అన్నా, బిల్డర్ మోసం చేసినట్టున్నాడు." మచ్చని అంత దగ్గరగా ఫోటో తీస్తే నాకేమీ తెలియదు. వీధిలో నిలబడి, డ్రైవ్‌వే మొత్తం పడేలా తీసి పంపండి. ఎంత ఊడిందో తర్వాత చూద్దాం, ఎక్కడ ఊడిందో తెలిస్తే సగం సంగతి తేలిపోతుంది. ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు. నేరుగా హార్డ్‌వేర్ షాపుకెళ్లి ప్యాచ్ బస్తా తెచ్చేస్తారు.

అంతటా ఊడుతోంది

కారు ఎప్పుడూ ఆగని అంచుల్లో, మూలల్లో కూడా ఊడుతుంటే బిల్డర్‌ని అడగాల్సిందే. చలి ప్రాంతాల్లో బయట పోసే కాంక్రీటులో కావాలనే సన్నటి గాలి బుడగలు కలుపుతారు, సుమారు 5 నుంచి 8 శాతం. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది. ఆ ఒత్తిడి తగ్గడానికి చోటిచ్చేవి ఆ బుడగలే. లారీతో వచ్చిన డెలివరీ టికెట్ కాపీ అడిగి గాలి శాతం, బలం చూడండి. బలం 4,000 పీఎస్‌ఐకి (చదరపు అంగుళానికి పౌండ్లు) తగ్గకూడదు.

టికెట్ బాగానే ఉంటే పనితనంలో తేడా జరిగిందన్నమాట. పైకి తేలిన నీరు ఆరకముందే తాపీతో రుద్ది ఉంటారు, లేదా పని సులువుగా సాగాలని పైన నీళ్లు చల్లి నునుపు చేసి ఉంటారు. సుత్తి పిడితో అక్కడక్కడ తట్టండి, గుల్లగా మోగితే పైపొర విడిపోయినట్టే. అక్టోబరు చివర్లో, నవంబరులో పోసిన వాటికి ఈ బెడద ఎక్కువ. అవి గట్టిపడి, ఒంట్లో నీరు ఆరేలోపే మంచు పడిపోతుంది. వారంటీ గడువు చూసుకుని, ఫోటోలతో సహా ఈమెయిల్‌లోనే అడగండి. ఫోన్‌లో చెప్పిన మాటకి ఆధారం ఉండదు.

కారు ఆగే చోటే ఊడుతోంది

నాకు వచ్చే ఫోటోల్లో ఎక్కువ ఇవే. "మేం ఒక్క గింజ ఉప్పు కూడా వేయలేదు" అని ఒట్టేసి మరీ చెబుతారు. నిజమే, వాళ్లు వేయలేదు. వాళ్ల కారు వేసింది.

ఈ ఊళ్లలో మంచు పడితే దాన్ని కరిగించడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకి కొదవేముంది? డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. ఫ్రీవే మీద అరగంట నడిపితే చాలు, ఆ ఉప్పు కలిసిన బురదమంచు చక్రాల వెనక పిడికెడు పిడికెడు పేరుకుంటుంది. ఇంటికొచ్చి కారు ఆపాక ఎండకో, ఇంజిన్ వేడికో కరిగి బొట్లుబొట్లుగా కారుతుంది. రోజూ అదే చోట, నవంబరు నుంచి మార్చి దాకా.

అది పలచటి ఉప్పునీరే కదా, ఏం చేస్తుందిలే అనుకుంటారు. కాంక్రీటు పైపొర ఊడే విషయంలో చిక్కటి ఉప్పునీటికన్నా 3 శాతం దగ్గర ఉండే పలచటి ఉప్పునీరే ఎక్కువ చెడ్డది. ఉప్పు తేమని వదలదు కాబట్టి పైపొర ఎప్పుడూ తడిగానే ఉంటుంది. పగలు కరగడం, రాత్రి గడ్డకట్టడం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇది తరచూ జరుగుతుంది. చివరికి పైపొర అప్పడంలా లేచిపోతుంది.

నిర్ధారించుకోవడానికి ఒక టేపు చాలు. మచ్చల మధ్య దూరం కొలవండి. అది మీ కారు ముందు, వెనక చక్రాల మధ్య దూరానికి సరిపోతే ఇంకే అనుమానమూ అక్కర్లేదు. ఒడిస్సీ, సియెన్నా లాంటి వ్యాన్లకి అది సుమారు 10 అడుగులు ఉంటుంది.

దీనికే ఇంకో రూపం ఉంది, అది ఇంకా తిప్పలు పెడుతుంది. కారు గరాజ్ లోపలే పెడతారు, డ్రైవ్‌వే మీద ఆపనే ఆపరు. అయినా గరాజ్ తలుపుకి బయట, మొదటి రెండడుగుల్లో అడ్డంగా ఒక పట్టీలా ఊడుతుంది. గరాజ్ నేల తలుపు వైపు వాలుగా ఉంటుంది. లోపలి వెచ్చదనానికి కరిగిన ఉప్పునీరు తలుపు రబ్బరు కిందుగా బయటికి జారి, అక్కడి జాయింట్లో నిలిచి, రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున్నే తలుపు తీసినప్పుడు కింద సన్నటి మంచు గీత కనబడితే అదే. ఇది తెలియక ఆ పట్టీకి ప్యాచ్ వేసిన వాళ్లంతా వచ్చే మార్చికి మళ్లీ ఫోటో పంపినవాళ్లే.

ముందు ఉప్పునీటిని ఆపాలి, రిపేరు ఆ తర్వాతే. ఇంట్లోకి మలిపే ముందు చక్రాల వెనక పేరుకున్న గడ్డల్ని చీపురు కర్రతో వీధిలోనే రాల్చేయండి. గరాజ్‌లో అంచులు లేచి ఉండే మ్యాట్ వేయండి. అందులో నిండిన నీళ్లని డ్రైవ్‌వే మీదకి తోయకుండా బకెట్లో ఎత్తి పారబోయండి. చలి తగ్గి, ఆ రాత్రి కూడా గడ్డకట్టదని తెలిసిన రోజున కారు ఆగే చోటు నీళ్లతో కడగండి. రాత్రి గడ్డకట్టే రోజున కడిగితే మీరే ఐస్ పోసినట్టు.

రిపేరు వేసవిలోనే. పైపైన ఊడి, కింద గట్టిగా ఉంటే వదులుగా ఉన్నదంతా ప్రెషర్ వాషర్‌తో పోగొట్టి, నేల తడిగా ఉండి నీళ్లు నిలవకుండా చూసుకుని, పాలిమర్ కలిసిన రీసర్ఫేసర్ (పలచటి సిమెంటు పైపూత) పూయండి. 50 డిగ్రీల ఫారన్‌హీట్ కన్నా తక్కువలో వద్దు. మచ్చ చిన్నదైతే నేనైతే అసలు ప్యాచ్ వేయను, సీలర్ (నీరు ఇంకకుండా కొట్టే ద్రవం) కొట్టి వదిలేస్తాను. పెద్ద కంకర రాళ్లు కూడా కదులుతుంటే పూతలతో పని జరగదు, జాయింట్ నుంచి జాయింట్ దాకా ఆ పలక తీసి మళ్లీ పోయాలి.

సీలర్ అంటే సైలేన్ లేదా సైలాక్సేన్ రకం, లోపలికి ఇంకేది. పైన మెరిసే అక్రిలిక్ రకం జారుడు, పైగా తేమని లోపలే బంధిస్తుంది. కాంక్రీటు పోసి 28 రోజులు దాటాక, పూర్తిగా ఆరాక, చలి మొదలవకముందే కొట్టండి. వేసవంతా చేతిలో ఉంటుంది, కానీ అందరికీ నవంబరులోనే గుర్తొస్తుంది. చెంచాడు నీళ్లు పోసి చూడండి: ముత్యాల్లా నిలిస్తే ఇంకా పనిచేస్తోంది, ఇంకిపోయి నల్లబడితే మళ్లీ కొట్టాలి.

"కాంక్రీట్ సేఫ్" అని రాసున్నదే వేశాం

మంచు కరిగించడానికి తెచ్చిన ఆ ఉప్పు బస్తా వెనక చదవండి. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉంటే ఇంట్లోకే తేవద్దు, అవి కాంక్రీటుని నేరుగా తినేస్తాయి. మెగ్నీషియం క్లోరైడ్ కూడా సిమెంటు పట్టుని దెబ్బతీస్తుంది. మొదటి చలికాలం ఏ ఉప్పూ వద్దు, జారకుండా ఇసుక చల్లండి. కాంట్రాక్టర్ వచ్చి మంచు తీసే కాలనీ అయితే, మీ డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లొద్దని ముందే రాసివ్వండి. డ్రైవ్‌వే వీధిని కలిసే చోట ప్లౌ (రోడ్డు మీద మంచు తోసే బండి) తోసేసే ఉప్పుమంచుని మాత్రం ఎవరూ ఆపలేరు, వీలైనంత త్వరగా పక్క గడ్డి మీదకి ఎత్తిపోయండి.

మిగతావి

గుండ్రటి చిన్న గుంట, అడుగున పగిలిన రాయి: కంకరలో మెత్తటి రాయి నీరు పీల్చి పేలింది. చూడ్డానికి బాగుండదు కానీ ప్రమాదం లేదు, వదిలేయండి.

తెల్ల పొడి: లోపలి సున్నం పైకొచ్చింది. పొడి బ్రష్‌తో దులిపేయండి.

కోసిన గీత లోపల సన్నటి పగులు: పగులు వస్తే ఆ గీతలోనే రావాలని, గీత కోసింది అందుకే.

పగులుకి ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం: ఇది తేలిగ్గా తీసుకోవద్దు. ముందు గటర్ నీళ్లు ఎక్కడ పడుతున్నాయో చూడండి. గటర్ నీళ్లని కిందికి దించే గొట్టాన్ని (డౌన్‌స్పౌట్) డ్రైవ్‌వే పక్కనే వదిలేస్తే కింద మట్టి కొట్టుకుపోతుంది, లేదా గడ్డకట్టి స్లాబుని లేపుతుంది. గొట్టం పొడిగించి నీళ్లు దూరంగా వదలండి. ఒక చలికాలం గడిచాక కూడా ఆ ఎత్తుపల్లాలు అలాగే ఉంటే, స్లాబు కిందికి ఫోమ్ ఎక్కించి లేపేవాళ్లని పిలవండి.