స్పామ్‌ను ఎక్కడ ఆపాలి: సర్వర్‌లోనా, మన కంప్యూటర్‌లోనా?

పలాసలో జీడిపప్పు వ్యాపారుల ఆఫీసు కంప్యూటర్లు చూసే పని నాది. మెయిళ్ల గురించి వచ్చే ఫోన్లలో సగం, స్పామ్‌ను (అక్కర్లేని చెత్త మెయిళ్లను) ఆపుతున్నది మెయిళ్లు ముందుగా చేరే సర్వరా, మన కంప్యూటరా అన్న తికమక వల్లే వస్తాయి.

సమస్య: "బాబూ, ఆర్డరు మెయిల్ పెట్టామంటున్నారు. ఇన్‌బాక్స్‌లో లేదు, జంక్‌లోనూ లేదు."

కారణం: ఖాతా పాప్ పద్ధతిలో ఉంది. పాప్ అంటే మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతి, అది సర్వర్‌లోని ఇన్‌బాక్స్‌ను మాత్రమే దించుతుంది. సర్వర్ స్పామ్ ఫోల్డర్‌లో పడేసినది మీ కంప్యూటర్‌లో మెయిళ్లు చూసే థండర్‌బర్డ్ ప్రోగ్రాంకు కనిపించనే కనిపించదు. ఒక షావుకారి వెబ్‌మెయిల్ బ్రౌజర్‌లో తెరిచి చూస్తే, రెండు లాటరీ మెయిళ్ల మధ్య "డబ్ల్యూ 320, 50 డబ్బాలు, రేటు చెప్పండి" అని ఉంది (డబ్ల్యూ 320 ఒక జీడిపప్పు గ్రేడు). వచ్చి పన్నెండు రోజులైంది. ఆ బేరం అప్పటికే వేరేవాళ్లకు పోయింది. ఆయన ముఖం చూడలేకపోయాను.

పరిష్కారం: వెబ్‌మెయిల్‌లో ఆ మెయిల్‌కు "స్పామ్ కాదు" అని గుర్తు పెట్టి, ఆ అడ్రసును అనుమతి జాబితాలో చేర్చండి. తర్వాత మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచి అన్ని ఫోల్డర్లూ చూపే ఐమ్యాప్ పద్ధతిలో ఖాతా కొత్తగా పెట్టుకోండి, స్పామ్ ఫోల్డర్ కూడా కంప్యూటర్‌లోనే కనిపిస్తుంది. పాత పాప్ ఖాతాను తీసేయకండి, పాత మెయిళ్లు అందులోనే ఉంటాయి. జీమెయిల్ వాడేవాళ్లు ఆలస్యం చేయొద్దు, స్పామ్‌లో పడ్డది 30 రోజులకు దానంతటదే పోతుంది.

అసలు ఎందుకు పట్టుకుందో తెలియాలంటే మెయిల్ హెడర్ (మెయిల్ వెంట దాగి వచ్చే వివరాలు) తెరవండి. స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టర్ ఉన్న సర్వరైతే "ఎక్స్-స్పామ్-స్టేటస్" అనే వరుసలో మార్కులు, ఏ పరీక్షకు ఎన్ని వేసిందో ఉంటాయి. మామూలుగా 5కు చేరితే స్పామే. మెయిల్ నిజంగా ఆ డొమైన్ (అడ్రసులో @ తర్వాతి భాగం) నుంచే వచ్చిందా అని చూసే ఎస్‌పీఎఫ్, డీకేఐఎం పరీక్షలు తప్పినట్టు కనిపిస్తే లోపం చాలావరకు పంపినవాళ్ల డొమైన్‌లో ఉంటుంది, వాళ్లకే చెప్పాలి.

సమస్య: కంప్యూటర్‌లో శుభ్రం, ఫోన్‌లో మాత్రం చెత్త.

కారణం: జల్లెడ పడుతున్నది థండర్‌బర్డ్ ఒక్కటే. అది తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. రాత్రి ఆఫీసు కట్టేశాక వచ్చినవన్నీ నేరుగా ఫోన్‌లోకే.

పరిష్కారం: మీ మెయిల్ సర్వర్ సెట్టింగులుండే హోస్టింగ్ ప్యానెల్‌లో స్పామ్ ఫిల్టర్ ఆన్ చేయండి. పక్కనే ఉండే ఆటో డిలీట్‌ను మాత్రం ముట్టుకోవద్దు. సర్వర్ పక్కన పెడితే వెతుక్కోవచ్చు, చెరిపేస్తే ఎవరూ తెచ్చివ్వలేరు.

సర్వర్ దాటి వచ్చే కొద్దిపాటి చెత్తకు థండర్‌బర్డ్ చాలు. చెత్తకు జె, పొరపాటున జంక్‌లో పడ్డ మంచి మెయిల్‌కు షిఫ్ట్‌తో జె నొక్కండి. థండర్‌బర్డ్‌కు రెండూ నేర్పాలి. ఆ నేర్చుకున్నది ఆ కంప్యూటర్‌లోని థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, విండోస్ మళ్లీ వేయించే ముందు దాన్ని కాపీ చేసి పెట్టుకోండి.